విడిగా ఉండటం వేరు, విడిచిపెట్టడం వేరు: విడాకుల చట్టంలో కాలం లెక్క

విద్యార్థులారా, ఈ పాఠాన్ని ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో ప్రారంభిద్దాం. ఢిల్లీలోని రామకృష్ణ పురాన్ని అందరూ ఆర్.కె. పురం అనే అంటారు. సెక్టార్ల వారీగా కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు ఉన్న ప్రాంతం అది. అక్కడి ఒక క్వార్టరులో ఒక తెలుగు ఉద్యోగి ఒంటరిగా ఉంటున్నాడు. ఆయన భార్య కాకినాడలో ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. పెళ్ళయిన కొత్తలో ఆమె సెలవు పెట్టి ఢిల్లీలో కొన్ని నెలలు ఉన్నది. తర్వాత ఉద్యోగంలో చేరడానికి వెనక్కి వెళ్ళింది. మూడేళ్ళు గడిచాయి. ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. బంధువుల్లో ఒక పెద్దాయన భర్తకు ఫోను చేసి, "రెండేళ్ళు దాటింది కదా, ఇక విడాకులు వచ్చేసినట్టే" అన్నాడు.

ఆ పెద్దాయన మాటలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది: మన దేశంలో ఎన్నేళ్ళు విడిగా ఉన్నా విడాకులు వాటంతటవి రావు. న్యాయస్థానం డిక్రీ ఇస్తేనే వివాహం రద్దవుతుంది. రెండోది: రెండేళ్ళు విడిగా ఉండటం అనేది ఒక్కటే విడాకులకు ఆధారం కాదు. ఈ రెండో పొరపాటును అర్థం చేసుకోవడానికే ఈ పాఠంలో ఎక్కువ భాగం సరిపోతుంది. మీలో చాలామంది రేపు ఉద్యోగాల కోసం వేరే ఊళ్ళకు, వేరే దేశాలకు వెళ్ళేవారే. భార్య ఒకచోట, భర్త ఒకచోట ఉండవలసి రావడం ఇప్పుడు వింతేమీ కాదు. అటువంటి సంసారాన్ని చట్టం ఏ కళ్ళతో చూస్తుందో ముందే తెలిసి ఉండటం మంచిది.

పరిత్యాగం అంటే ఏమిటి?

హిందూ వివాహ చట్టం 1955 మే 18 నుంచి అమలులో ఉన్నది. ఈ చట్టం హిందువులతో పాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా వర్తిస్తుంది. విడాకుల కారణాలన్నీ ఇందులోని 13వ సెక్షన్‌లో ఉన్నాయి. పిటిషన్ వేసే నాటికి వెనుక వరుసగా రెండేళ్ళకు తక్కువ కాకుండా జీవిత భాగస్వామి తనను పరిత్యజించి ఉంటే విడాకులు కోరవచ్చునని అది చెబుతుంది. మొదట్లో ఈ సౌకర్యం నేరుగా లేదు. 1955 నాటి చట్టం ప్రకారం పరిత్యాగం జరిగితే, విడాకులు కాక, న్యాయస్థానం ద్వారా వేర్పాటు మాత్రమే లభించేది. వివాహ బంధం అలాగే ఉంటుంది, కలిసి కాపురం చేయవలసిన బాధ్యత మాత్రం ఉండదు. ఆ తర్వాత మరికొంత కాలం ఆగి విడాకులకు వెళ్ళాలి. 1976 సవరణ పరిత్యాగాన్ని విడాకుల కారణాల్లోనే చేర్చింది.

చట్టం "విడిగా ఉంటే" అనలేదు, "పరిత్యజిస్తే" అన్నది. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాను సుప్రీంకోర్టు 1956 అక్టోబరులో ఇచ్చిన తీర్పు వివరించింది. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇది నేటికీ పాఠ్యాంశమే. దాని సారాంశం ఇది. వదిలి వెళ్ళిన వ్యక్తి విషయంలో రెండు అంశాలు రుజువు కావాలి: వాస్తవంగా వేరుపడటం, కాపురాన్ని శాశ్వతంగా ముగించాలనే ఉద్దేశం. వదిలివేయబడిన వ్యక్తి విషయంలో కూడా రెండు అంశాలు చూడాలి: ఆ వెళ్ళడానికి తాను అంగీకరించి ఉండకూడదు, వెళ్ళిపోవడానికి తగిన కారణం తాను కల్పించి ఉండకూడదు. ఈ నాలుగూ కలిసి రెండేళ్ళు సాగాలి.

ఆ కేసులోని వాస్తవాలు చూస్తే సూత్రం ఇంకా బాగా బోధపడుతుంది. భర్త విదేశం నుంచి తిరిగి వచ్చాక భార్యపై అనుమానంతో గొడవ జరిగింది. ఆమె 1947 మేలో పుట్టింటికి వెళ్ళింది. కొన్ని వారాలకు భర్త న్యాయవాది ద్వారా నోటీసు పంపాడు. తర్వాత ఆమెను తిరిగి పంపడానికి పుట్టింటివారు ప్రయత్నిస్తే, పంపవద్దని భర్త టెలిగ్రాం ఇచ్చాడు. ఏళ్ళు గడిచాక ఆమె తనను పరిత్యజించిందంటూ విడాకులు కోరాడు. సుప్రీంకోర్టు ఇవ్వలేదు. సిగ్గుతోనో భయంతోనో పుట్టింటికి వెళ్ళినంత మాత్రాన కాపురాన్ని ముగించే ఉద్దేశం ఆమెకు ఉన్నట్టు కాదు. పైగా తిరిగి వచ్చే దారిని మూసింది భర్తే. తలుపు మూసినవాడు, లోపలికి రాలేదని ఫిర్యాదు చేయడం కుదరదు కదా!

దీనికి మరో కోణం కూడా ఉంది. ఇల్లు వదిలి వెళ్ళినవారే పరిత్యాగం చేసినవారు కానక్కర్లేదు. కొట్టి, తిట్టి, కట్నం కోసం వేధించి భార్యను బయటికి వెళ్ళేలా చేసిన భర్త తన ఇంట్లోనే కూర్చుని ఉండవచ్చు. చట్టం దృష్టిలో పరిత్యాగం చేసినవాడు అతడే. భార్య పట్ల బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యం కూడా పరిత్యాగం కిందికే వస్తుందని 13వ సెక్షన్‌లోని వివరణ చెబుతుంది.

రెండేళ్ళు ఎప్పటి నుంచి?

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. ఉపాధ్యాయురాలు కాకినాడ వెళ్ళింది ఉద్యోగం కోసం, భర్తకు తెలిసే, బహుశా ఆయన రైలెక్కిస్తేనే. కాబట్టి ఆ రోజున గడియారం మొదలు కాలేదు. ఆమె తర్వాత ఏదో ఒక దశలో "ఇక రాను, ఈ కాపురం నాకు వద్దు" అని నిశ్చయించుకుని ఉంటే, తగిన కారణం లేకపోతే, ఆ నిశ్చయం బయటపడిన నాటి నుంచి కాలం లెక్కకు వస్తుంది. శరీరాలు వేరుపడిన రోజు, మనసు వేరుపడిన రోజు ఒకటే కానక్కర్లేదు. రెండూ కలిసినప్పటి నుంచే లెక్క.

మధ్యలో ఆమె నిజాయితీగా తిరిగి వస్తానంటే పరిత్యాగం అంతటితో ఆగిపోతుంది. పిటిషన్ నుంచి తప్పించుకోవడానికి చేసిన నామమాత్రపు ప్రతిపాదన అయితే న్యాయమూర్తి దాన్ని గుర్తించి పక్కన పెడతారు. ఇక రుజువు చేయవలసిన భారం పిటిషన్ వేసినవారిదే. ఉత్తరాలు, ఫోను సందేశాలు, రైలు టిక్కెట్లు, బ్యాంకులో పంపిన డబ్బు వివరాలు, మధ్యవర్తిత్వం చేసిన పెద్దల సాక్ష్యం, ఇవన్నీ ఇక్కడ పనికివస్తాయి. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఏమిటంటే, పిటిషన్ వేసిన వ్యక్తి ఈ రెండేళ్ళలో భాగస్వామిని తిరిగి పిలిచారా?

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. భార్య తన ఉద్యోగం వదులుకుని భర్త ఉన్న ఊరికి రాకపోతే అది తప్పవుతుందా? పాత తీర్పులు కొన్ని, భర్త ఎక్కడుంటే కాపురం అక్కడే అన్నాయి. 1978లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు ఈ ఆలోచనను మార్చింది. పంజాబ్‌లోని సునాంలో ఒకామె పెళ్ళికి ముందు నుంచే ఉపాధ్యాయురాలు. 1964లో పెళ్ళయింది. భర్త ఢిల్లీలో చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ఆమె ఆదాయమే మెరుగ్గా ఉంది. ఉద్యోగం మాని ఢిల్లీ రావాలని భర్త న్యాయస్థానానికి వెళ్ళాడు. కాపురం ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ప్రత్యేక హక్కు భర్తకు ఏదీ లేదనీ, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవలసిన విషయమనీ హైకోర్టు చెప్పింది. మంచి ఉద్యోగం వదులుకోలేకపోవడం ఆమెకు తగిన కారణమేనని తేల్చింది. రాజ్యాంగంలోని సమానత్వ హక్కును వంటింటి గడప దాటించిన తీర్పు ఇది. దీనికి రావలసినంత పేరు రాలేదని ఈ రచయిత అభిప్రాయం.

ప్రభుత్వం కూడా ఈ ఇబ్బందిని గుర్తించకపోలేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే వీలైనంత వరకు ఒకే ఊళ్ళో నియమించాలని కేంద్ర ప్రభుత్వం 1986లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2009లో వాటిని సవరించి బలపరిచింది. అయితే రాష్ట్ర ప్రభుత్వ ఉపాధ్యాయురాలికి ఢిల్లీలో నియామకం ఎలా వస్తుంది? ఆర్.కె. పురం క్వార్టర్లలో ఒంటరిగా వండుకు తినే ఉద్యోగులు ఎందుకు కనిపిస్తారంటే కారణాల్లో ఇదొకటి.

సరిత కేసు: తిరిగి రమ్మని ఆజ్ఞాపించవచ్చా?

విడిగా ఉన్న భాగస్వామి విషయంలో చట్టం మరో దారి కూడా చూపుతుంది. తగిన కారణం లేకుండా విడిగా ఉంటే, తిరిగి వచ్చి కాపురం చేయాలని డిక్రీ కోరవచ్చు. దీన్ని దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు. ఇది 9వ సెక్షన్. ఈ సెక్షన్‌పై దేశం మొత్తం చర్చించిన కేసు మన తెలుగు నేల మీదే పుట్టింది.

1978లో విడుదలైన 'మరో చరిత్ర' చిత్రంతో ప్రసిద్ధి పొందిన నటి సరిత మీకు తెలిసే ఉంటారు. తీర్పులో నమోదైన వివరాల ప్రకారం, 1975 డిసెంబరు 13న తిరుపతిలో ఆమెకు వివాహం జరిగింది. అప్పటికి ఆమె పదహారేళ్ళ హైస్కూలు విద్యార్థిని. పెళ్ళయిన కొద్దికాలానికే ఇద్దరూ విడిపోయి, అయిదేళ్ళకు పైగా విడిగానే ఉన్నారు. ఆమె తిరిగి వచ్చి కాపురం చేయాలని భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశారు. ఆ పిటిషన్‌ను విచారించే అధికారం కడప కోర్టుకు లేదంటూ ఆమె హైకోర్టుకు వెళ్ళారు. ఆ చిన్న అభ్యంతరంతో మొదలైన వ్యవహారం రాజ్యాంగ ప్రశ్నగా మారింది.

1983 జూలై 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పొమ్మని రాజ్యం ఆజ్ఞాపిస్తే, తన శరీరం మీద, తల్లి కావాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆమెకు అధికారం పోతుంది. అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకూ, ఏకాంత హక్కుకూ భంగం. చట్టం పేరుకు భార్యాభర్తలిద్దరికీ ఒకే విధంగా ఉన్నా, దాని బరువు ఆచరణలో స్త్రీ మీదనే పడుతుంది. ఆయన వాదన స్థూలంగా ఇది. ఏకాంతం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది 2017లో. దానికి ముప్ఫై నాలుగేళ్ళ ముందే హైదరాబాదులో ఈ మాట వినిపించింది.

కొద్ది నెలలకే, 1983 నవంబరులో, ఢిల్లీ హైకోర్టు మరో కేసులో దీనికి పూర్తిగా విరుద్ధమైన తీర్పు ఇచ్చింది. రాజ్యాంగ సూత్రాలను ఇంటి లోపలికి తెస్తే సంసారమే చెదిరిపోతుందని అక్కడి న్యాయమూర్తి జస్టిస్ రోహత్గి భావించారు. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ అభిప్రాయాన్నే సమర్థించింది. 9వ సెక్షన్ నిలిచింది. అయితే ఈ డిక్రీతో ఎవరినీ బలవంతంగా లాక్కుపోవడానికి గానీ, జైల్లో పెట్టడానికి గానీ వీల్లేదు. పాటించనివారి ఆస్తిని జప్తు చేయడం వరకే చట్టం అనుమతిస్తుంది. 2019లో గుజరాత్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన విద్యార్థులు ఈ సెక్షన్‌ను మళ్ళీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు. మీ వయసువారే అని గమనించండి.

సరోజ్ రాణి కేసులో మరో విచిత్రం ఉంది. మమ్మల్ని కలపండి అని కోర్టుకు వెళ్ళింది అక్కడ భార్య. భర్త అభ్యంతరం చెప్పకుండా డిక్రీకి ఒప్పుకున్నాడు. ఏడాది గడిచింది, కాపురం మాత్రం కుదరలేదు. అప్పుడు భర్త అదే డిక్రీని చూపించి విడాకులు అడిగాడు. ఇచ్చారు! ఎందుకంటే పునరుద్ధరణ డిక్రీ వచ్చిన తర్వాత గానీ, వేర్పాటు డిక్రీ వచ్చిన తర్వాత గానీ ఒక ఏడాది పాటు కాపురం తిరిగి మొదలు కాకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చని 13వ సెక్షన్‌లోని ఒక ఉపనిబంధన చెబుతుంది. 1976కు ముందు ఈ గడువు రెండేళ్ళుండేది. కలపడానికి పెట్టిన సెక్షన్ విడగొట్టడానికి మెట్టుగా మారింది. పునరుద్ధరణ నోటీసు ఇంటికి వస్తే "రమ్మనే కదా అడిగాడు" అని పక్కన పడేయకూడదు. ఏడాది తర్వాత దాని ఫలితం వేరుగా ఉండవచ్చు.

అలాగని డిక్రీ పాటించని భార్యకు మనోవర్తి కూడా ఉండదని అనుకోవద్దు. వెళ్ళకపోవడానికి తగిన కారణం ఉంటే ఆమెకు మనోవర్తి హక్కు నిలుస్తుందని 2025 జనవరి 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇద్దరూ ఒప్పుకుంటే

ఇంతవరకు చెప్పినది ఒకరు కావాలని, మరొకరు వద్దని పోరాడే కేసుల సంగతి. ఇద్దరూ ఒక నిర్ణయానికి వస్తే దారి సులువు. 1976లోనే చేర్చిన 13-బి సెక్షన్ ప్రకారం పరస్పర అంగీకారంతో విడాకులు కోరాలంటే ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండాలి, కలిసి బ్రతకలేకపోయి ఉండాలి, వివాహం రద్దు చేసుకోవాలని ఒప్పందానికి రావాలి. ఇక్కడ "విడిగా" అంటే వేర్వేరు ఇళ్ళలోనే ఉండాలని కాదు. భార్యాభర్తలుగా బ్రతకకపోవడమే ముఖ్యమనీ, ఒకే కప్పు కింద ఉన్నా అది సాధ్యమేననీ 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో అద్దెలు తెలిసినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. అదే తీర్పు ఇంకొకటి కూడా చెప్పింది: అంగీకారం డిక్రీ వచ్చేదాకా నిలిచి ఉండాలి. మధ్యలో ఒకరు వెనక్కి తగ్గితే విడాకులు ఇవ్వకూడదు.

తేదీలతో చూద్దాం. ఒక జంట 2025 జనవరి మొదటి వారం నుంచి విడిగా ఉంటోందని అనుకోండి. 2026 జనవరి రెండో వారంలో ఇద్దరూ కలిసి పిటిషన్ వేయవచ్చు. కోర్టుల్లో దీన్ని ఫస్ట్ మోషన్ అంటారు. తర్వాత ఆరు నెలలు ఆగాలి. జూలై రెండో వారం నుంచి సెకండ్ మోషన్‌కు వెళ్ళవచ్చు. పిటిషన్ వేసిన నాటి నుంచి పద్దెనిమిది నెలల లోపు, అంటే 2027 జూలై లోపు వెళ్ళాలి. ఆరు నెలలు ఎందుకు? ఆవేశం చల్లారితే మనసు మారవచ్చునని శాసనకర్తల ఆశ.

ఆ ఆశ ప్రతి జంటకూ వర్తించదు. 2017 సెప్టెంబరు 12న అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఈ ఆరు నెలల గడువును న్యాయస్థానం తన విచక్షణతో తగ్గించవచ్చునని చెప్పింది. షరతులున్నాయి. ఏడాదీ, ఆరు నెలలూ కలిపి పద్దెనిమిది నెలల వేర్పాటు ఫస్ట్ మోషన్‌కు ముందే పూర్తయి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంరక్షణ వంటివి నిజంగా తేలిపోయి ఉండాలి. ఇంకా ఆగడం బాధను పొడిగించడమే అని కోర్టుకు తోచాలి. ఫస్ట్ మోషన్ అయిన వారం తర్వాత ఇందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పెద్దమనుషుల ఎదుట స్టాంపు కాగితం మీద "ఇకపై మాకు సంబంధం లేదు" అని రాసుకుని సంతకాలు చేసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉన్నది. ఆ కులంలో విడాకుల ఆచారం అనాదిగా ఉన్నదని రుజువు చేయగలిగితే 29వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది. రుజువు లేకపోతే ఆ కాగితం విడాకులు కాదు. దాన్ని నమ్మి రెండో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, చేసుకున్నవారు శిక్షకూ గురికావచ్చు.

ఏ కోర్టు, ఎంత కాలం?

పెళ్ళయిన ఏడాది లోపు సాధారణంగా విడాకుల పిటిషన్ తీసుకోరు. అసాధారణమైన కష్టం ఉన్నదని చూపితే 14వ సెక్షన్ కింద ప్రత్యేక అనుమతి కోరవచ్చు. ఏడేళ్ళుగా భాగస్వామి బ్రతికి ఉన్నట్టు, తెలియవలసినవారికి ఎవరికీ తెలియకపోతే అది విడాకులకు మరో కారణం.

పెళ్ళి జరిగిన చోట, ఎదుటి పక్షం ఉంటున్న చోట, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన చోట పిటిషన్ వేయవచ్చు. 2003 సవరణ మరో వీలు కల్పించింది. పిటిషన్ వేసేది భార్య అయితే, తాను ఉంటున్న ఊళ్ళోనే వేయవచ్చు. మన ఉదాహరణలోని ఉపాధ్యాయురాలు వాయిదాలకు ఢిల్లీ దాకా రైల్లో ప్రయాణం చేయనక్కర్లేదు, కాకినాడలోనే వేయవచ్చు. ఈ ఒక్క వాక్యం పుట్టింట్లో తలదాచుకున్న ఎందరికో ఊరట.

కుటుంబ న్యాయస్థానాలు 1984 చట్టంతో వచ్చాయి. ఇటువంటి ప్రత్యేక కోర్టులు కావాలని అందుకు మూడు దశాబ్దాల ముందే వాదించినవారిలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1953లో చైనాలో అటువంటి కోర్టులను చూసి వచ్చి ఆమె ఈ ప్రతిపాదన చేశారు. ఆర్.కె. పురానికి దగ్గరలోనే ఢిల్లీ మెట్రో స్టేషను ఒకటి ఆమె పేరుతో ఉంది. రోజూ ఆ స్టేషనులో దిగే కళాశాల విద్యార్థుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఈ కోర్టులు మొదట రాజీకి ప్రయత్నించాలి. సలహాదారులు, మధ్యవర్తులు ఇద్దరితోనూ మాట్లాడతారు.

విచారణ నోటీసు అందిన నాటి నుంచి ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని 21-బి సెక్షన్ అంటుంది. "ప్రయత్నించాలి" అన్న మాట మీద దృష్టి పెట్టండి. తెలుగునాట 1999 ఏప్రిల్‌లో పెళ్ళయిన ఒక జంట, పెద్దల మధ్య తగాదా వల్ల రెండు మూడు రోజులకే విడిపోయింది. కుటుంబ న్యాయస్థానం విడాకులు ఇచ్చింది, హైకోర్టు రద్దు చేసింది, చివరికి 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ ఇచ్చింది. రెండు మూడు రోజుల కాపురానికి పద్నాలుగేళ్ళ వేర్పాటు. ఆ తీర్పులో సుప్రీంకోర్టు వైవాహిక కేసుల్లో మధ్యవర్తిత్వాన్ని తొలి దశలోనే ప్రయత్నించాలని ఆదేశించింది.

ఈ కాలమంతా బ్రతికేదెలా అన్నది న్యాయమైన ప్రశ్న. 24వ సెక్షన్ కింద కేసు నడుస్తుండగానే, ఆదాయం లేని పక్షం మధ్యంతర మనోవర్తి కోరవచ్చు. నోటీసు అందిన అరవై రోజుల్లో దాన్ని తేల్చడానికి ప్రయత్నించాలి. 2020లో సుప్రీంకోర్టు ఇద్దరూ తమ ఆస్తిపాస్తుల వివరాలను ప్రమాణ పత్రంగా దాఖలు చేయాలని ఆదేశించింది. మనోవర్తికి విడాకుల పిటిషన్ వేయనక్కర్లేదు కూడా. పూర్వం 125వ సెక్షన్ అని పిలిచేది 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా ఉంది. దాని కింద భార్య, పిల్లలు, తల్లిదండ్రులు కోరవచ్చు.

కాపురం చచ్చిపోతే?

పదేళ్ళు, పదిహేనేళ్ళు విడిగా ఉన్నారు, తప్పు ఎవరిదో తేలదు, ఒకరు మాత్రం ఒప్పుకోరు. అప్పుడేమిటి? తిరిగి అతకని వివాహం అనే కారణం మన చట్టంలో లేదు. లా కమిషన్ 1978లో, మళ్ళీ 2009లో దీన్ని చేర్చమన్నది. మూడేళ్ళ వేర్పాటును ఆధారం చేసుకున్న బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది. 2014లో లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. భార్యకు తగిన ఆర్థిక రక్షణ లేకుండా ఈ కారణం వస్తే ఆమె రోడ్డున పడుతుందనే భయం దాని వెనుక చర్చల్లో బలంగా వినిపించింది. ఆ భయం నిరాధారమని చెప్పలేం.

2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న అధికారంతో సుప్రీంకోర్టు ఇటువంటి వివాహాన్ని రద్దు చేయవచ్చునని చెప్పింది. ఒకరు ఒప్పుకోకపోయినా సరే. ఆరేళ్ళు, అంతకు పైబడిన వేర్పాటు పరిగణించదగిన అంశమన్నది. కానీ ఇది హక్కు కాదు, కోర్టు విచక్షణ. విడాకుల కోసం ఎవరూ నేరుగా సుప్రీంకోర్టుకు రిట్ పిటిషన్‌తో వెళ్ళడానికి వీల్లేదు.

ఇతర దేశాల్లో లెక్క వేరు. ఆస్ట్రేలియాలో 1975 చట్టం పన్నెండు నెలల వేర్పాటునే ఏకైక ఆధారంగా చేసింది. ఇంగ్లాండు, వేల్సులలో 2022 ఏప్రిల్ 6 నుంచి ఎవరి తప్పూ నిరూపించకుండానే విడాకులు కోరవచ్చు. అయితే అక్కడ ఉన్న తెలుగువారు ఒక సంగతి గమనించాలి. 1975లోనే తిరుపతిలో పెళ్ళి చేసుకున్న మరో జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, అధికారం ఉన్న కోర్టు ఇస్తేనే విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లుతుందని 1991 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. మిస్సోరి డిక్రీ చెల్లలేదు.

మన దేశంలోనే ఇతర మతాల చట్టాలను క్లుప్తంగా చూద్దాం. ప్రత్యేక వివాహ చట్టంలోనూ, 2001 సవరణ తర్వాత క్రైస్తవుల విడాకుల చట్టంలోనూ పరిత్యాగానికి గడువు రెండేళ్ళే. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద భార్య, భర్త జాడ నాలుగేళ్ళుగా తెలియకపోతే, రెండేళ్ళుగా పోషించకపోతే, తగిన కారణం లేకుండా మూడేళ్ళుగా వైవాహిక బాధ్యతలు నెరవేర్చకపోతే రద్దు కోరవచ్చు.

డిక్రీ చేతికి వచ్చాక కూడా ఒక గడువు ఉంది. 15వ సెక్షన్ ప్రకారం అప్పీలు గడువు ముగిశాక, లేదా వేసిన అప్పీలు కొట్టివేశాకే మళ్ళీ వివాహం చేసుకోవచ్చు. అప్పీలుకు కుటుంబ న్యాయస్థానాల చట్టం 30 రోజులు అంటుంది. హిందూ వివాహ చట్టం 2003 సవరణ తర్వాత 90 రోజులు అంటుంది. అందుకే అనుభవం ఉన్న న్యాయవాదులు అప్పీలు వేయవలసిన కక్షిదారుకు 30 రోజులని చెబుతారు, మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకునే కక్షిదారుకు 90 రోజులు ఆగమంటారు.